మైనం, లక్క: సన్నాయి మరమ్మతు చరిత్ర

నేడు ఎన్టీఆర్ జిల్లాలో చేరిన పూర్వపు కృష్ణా జిల్లా మెట్టలో, పరిటాల, నందిగామ, జగ్గయ్యపేట పరిసరాల్లో, పెళ్ళిపందిరి మొదలుకొని వేదాద్రి నరసింహస్వామి కల్యాణం దాకా మంగళవాద్యం లేనిదే శుభకార్యం పూర్తికాదు. ఊదేవారి ఊపిరి తేమకు లోపల ఉబ్బి, మెట్ట ఎండలకు బయట ఎండే కర్రగొట్టం చీలిపోవడం సహజం కనుక, సన్నాయి మరమ్మతు చరిత్ర చాలావరకు జిగురు పదార్థాల చరిత్రే అవుతుంది.

సన్నాయి కుటుంబంలో పెద్దదైన నాదస్వరానికి వేళ్ళతో మూసే రంధ్రాలు ఏడు కాగా, అడుగుభాగంలో మరో ఐదు రంధ్రాలుంటాయి. వాద్యకారుడు చిటికెడు తేనెమైనాన్ని వేళ్ళ మధ్య నలిపి మెత్తబరచి ఈ అడుగు రంధ్రాల్లో కొంతగానో పూర్తిగానో అదిమి శ్రుతిని సరిచేసుకొంటాడు. అవసరం తీరాక గోటితో గీరి తీసేస్తాడు. పాములవాళ్ళ నాగస్వరంలో సొరబుర్రకు రెండు గొట్టాలను పట్టి ఉంచేదీ మైనమే. సుమారు 63 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు కనుక, 45 డిగ్రీల ఎండలోనూ అది కొంత మెత్తబడుతుందే తప్ప కారిపోదు.

పరిటాలకు చేరువనే ఉన్న కొండపల్లిలో బొమ్మలవారు తెల్లపొణికి కర్రతో చెక్కిన అంగాలను అతికించడానికి రంపపుపొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కు అనే ముద్దను తరతరాలుగా వాడుతున్నారు. చేతికందే దూరంలో ఉన్నా, నీటికి నానిపోయే ఆ ముద్ద ఊపిరి తేమ తగిలే గొట్టానికి పనికిరాదు. అటువంటి చోట తగినది లక్క, అనగా మోదుగ, రేగు, పుసుగు వంటి చెట్ల కొమ్మలపై లక్కపురుగులు స్రవించే బంక. ఇది తేమకు తట్టుకొంటుంది, సెగ చూపితే మెత్తబడుతుంది. పాశ్చాత్య వాద్యమైన క్లారినెట్ బ్యాండుమేళాలతో తెలుగు ఊళ్ళకు వచ్చింది. దాని మీటల కింది మెత్తలను గిన్నెల్లో నిలిపే సంప్రదాయ పదార్థం కూడా ఈ లక్కే.

1958లో అంగడికి వచ్చిన సయనోఅక్రిలేట్ జిగురు క్షణాల్లో అతుకుతుంది. అయితే దాని ఆవిరి కళ్ళనూ ముక్కునూ మండించడమే కాక, గట్టిపడిన అతుకు కర్రతోపాటు సాగదు, ముడుచుకోదు, విప్పబోతే కర్ర పొరనూ ఊడదీస్తుంది. మైనం, లక్కలను మళ్ళీ మళ్ళీ సరిచేయవలసివచ్చినా, సులభంగా విడిపోయే గుణమే వాటిని మరమ్మతుకు అనువుగా నిలిపింది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసింగంపేట నాదస్వరానికి వాడే ఆచ్చా కర్ర, అంటే నారయేపి, దొరకడం కష్టమై తమిళనాట ఆ శిల్పులు పాత ఇళ్ళ దూలాలను వెతుక్కొంటున్న కాలంలో, కర్రను చెడగొట్టని అతుకు విలువ మునుపటికన్నా పెరిగింది.