కమలాపురం విత్తనం, కడంబూరు కలప

2027 వస్తే సర్కారు తుమ్మ మన నేలలో దిగి నూట యాభై ఏళ్ళు నిండుతాయి. 1877లో కడప జిల్లా కమలాపురంలో దాని విత్తనాలు నాటారు. అదే జాతి ఇవాళ తమిళనాట కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో చెరువులనూ బీళ్ళనూ కమ్మేసింది. అక్కడ దాన్ని సీమై కరువేలం అంటారు. దారిలో కడంబూరు స్టేషన్‌లో పేరుమోసిన పోళీలు కొనుక్కుని రైలు కిటికీ దగ్గర కూర్చుంటే బయట కనిపించేది ఆ కంపే. పొయ్యిలోకీ బొగ్గు బట్టీకీ తప్ప పనికిరాదని దాన్ని అందరూ తీసిపారేశారు. నేను ఒప్పుకోను. ఆ వంకర మొద్దుల్లో మన ఇళ్ళ లోగోడలకు వేసుకోదగ్గ పలక ఉంది.

కోవిల్‌పట్టి చుట్టూ ఉన్న నల్లరేగడికి తెలుగువాళ్ళు కొత్త కాదు. 1529లో మదురై విశ్వనాథ నాయకుడి చేతికొచ్చింది. రాజ్యం 72 పాళేలుగా, అంటే పాళెగాళ్ళ ఏలుబడులుగా, విడింది. తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చాయి. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాళెగాళ్ళు తెలుగు మాట్లాడే నాయకర్లే. 1801లో ఇంగ్లీషు సేన మీదికొచ్చినప్పుడు పాంచాలంకురిచ్చి కోటకున్న బలం మట్టిగోడ, దాని చుట్టూ ముళ్ళకంచె. మామూలు ఇళ్ళూ అంతే, కలపంటే నల్లతుమ్మ, వేప, తాడి, ఏది దొరికితే అది. బర్మా టేకు తెప్పించుకునే స్తోమత చెట్టినాడు వర్తకుల్లాంటి వాళ్ళకే ఉండేది.

సర్కారు తుమ్మ కథలో నాకు ఎంతో ఇష్టమైన మనిషి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. 1848లో, ఇంకా ఇరవై నిండకుండానే, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసుకు వచ్చాడు. ధ్యాసంతా ఆకుల మీదే. అడవుల శాఖలోకి మారి, మద్రాసు రాజధాని అడవులన్నిటికీ పెద్ద అధికారిగా 1882 దాకా పనిచేశాడు. ఫెర్న్ మొక్కలు, పాములు, కప్పలు, ఏది కంటబడినా సేకరించి వర్ణించేవాడు. 1869–73 మధ్య వెలువడిన ఆయన ‘ఫ్లోరా సిల్వాటికా’లో దక్షిణాది చెట్ల బొమ్మలతో పాటు వాటి కలప దేనికి పనికొస్తుందో కూడా ఉంటుంది.

ఆ రోజుల్లో అడవిని మింగేస్తున్నది రైలు. 1871లో కమలాపురం మీదుగా మద్రాసు–రాయచూరు దారి పూర్తయింది. 1876లో కడంబూరు మీదుగా మదురై–తూత్తుకుడి దారి తెరుచుకుంది. ఇంజన్లకు కట్టెలే మేత. అదే ఏడు వానలు మొహం చాటేశాయి. 1876–78 కరువు రాయలసీమను ఊడ్చిపెట్టింది. నీళ్ళు అడగకుండా పెరిగి, నరికితే మళ్ళీ చిగిర్చి, కట్టె ఇచ్చే చెట్టు కావాలి. బెడ్డోమ్ 1876లో ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని మద్రాసు ప్రభుత్వానికి రాశాడు. మరుసటి ఏడు జమైకా గింజలు కమలాపురం మట్టిలో పడ్డాయి. ఆ ఉత్తరంలో నాకు కనిపించేది ముందుచూపే. ఆ తర్వాత తీపి కాయలు తిన్న పశువులు, మేకలు విత్తనాన్ని ఊరూరా మోశాయి. మనం కట్టె కొట్టుకోవడంతో సరిపెట్టుకున్నాం.

ఈ తుమ్మ కమ్మేసిన తమిళ సీమలో చెక్క విలువ తెలిసిన రచయిత కి. రాజనారాయణన్. 1923లో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టి, తమిళంలో రాశారు. ఆయన ‘కదవు’ (తలుపు) కథలో, పిల్లలు ఎక్కి ఆడుకునే తలుపును శిస్తు బాకీ కింద ఊడబెరుక్కుపోతారు. పేదింట్లో ఒక్క చెక్క పోతే ఎంత పోయినట్టో ఆ కథ చెబుతుంది.

పనికిరాదన్న చెక్క దశ మారడం కొత్త కాదు. అమెరికాలో ఒకప్పుడు నాసిరకం చెక్కకు మంచి రోజులొచ్చాయి. ముడుల్లేని నిటారు తెల్ల పైన్ మాన్లు ఓడలకూ ఊళ్ళకూ ఖర్చయిపోయాయి. ముడుల చెక్క మిగిలింది. అంతకుముందు దాన్ని పెట్టెలకు వాడేవారు, లేదంటే రంగు పూసి ముడిని దాచేవారు. 1930ల నుంచి 1950ల దాకా అదే చెక్క ఇంటి గోడలెక్కింది. ముడే అందమైంది. సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్‌ను టెక్సాస్‌లో నేలకూ సామాన్లకూ వాడతారు. ఆ కలప ఎండేటప్పుడు 5 శాతం లోపే కుంచించుకుపోతుంది. ఎర్ర ఓక్‌కు ఆ లెక్క రెండింతలకు పైనే.

మన తుమ్మ మొద్దును కోసి చూడండి. బెరడు కింద సన్నని పసుపు పొర, లోపల ఎర్రమట్టి రంగు చేవ. కొమ్మ పుట్టిన ప్రతిచోటా నల్లని ముడి, దాని చుట్టూ సుడి తిరిగిన గీతలు. గట్టి కొయ్య కాబట్టి చిత్రిక పట్టడానికి ఓపిక కావాలి. తిన్నని పొడుగు ముక్క దొరకదు, అందుకని నడుం ఎత్తు వరకు వేసే గోడ పలకలకు ఇది చక్కగా సరిపోతుంది. పసుపు పొరను పురుగు తొలిచేస్తుంది, దాన్ని చెక్కేయాలి, లేదా బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. నీడలో సందులు వదిలి పేర్చి ఆరబెట్టాలి. గోడకు ముందు బద్దెలు కొట్టి, గాలి ఆడే ఖాళీ ఉంచి పలక బిగిస్తే చెమ్మ పట్టదు.

ఇటీవలి సంగతులు ఒక వరసలో చెప్పడం కష్టం. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఈ చెట్లను పెకలించమంది. ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. నెలల్లోనే చెన్నైలోని ప్రధాన ధర్మాసనం ఆపమంది. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఇలా నేలను కమ్మేసే పరాయి మొక్కల మీద విధానం ప్రకటించింది. మరోపక్క బొగ్గు బట్టీలు మండుతూనే ఉన్నాయి, వాటి మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. ఇంకోపక్క చెక్క ముడుల బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ పలకలు హార్డ్‌వేర్ దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయి. అసలు ముడి ఊరి చెరువులో ఉండగా అచ్చు ముడికి డబ్బు పోయడం నాకు బాధగా ఉంది.

ఈ చెట్టును కొత్తగా నాటమని నేను అనను. చెరువుల్లోంచి ఎలాగూ తీసేస్తున్న వాటిలో లావుపాటి మొద్దులను బట్టీకి పోనివ్వకుండా కోత మిల్లుకు మళ్ళించమంటున్నాను. బొగ్గు చేసే కుటుంబాలకు అది ఇంకో ఆదాయం అవుతుంది. 2027 నాటికి కమలాపురంలో ఒక బడి, కోవిల్‌పట్టిలో ఒక గ్రంథాలయం ఈ పలకలతో లోగోడలు వేయించుకుంటే నూట యాభై ఏళ్ళ పండుగకు అంతకన్నా మంచి గుర్తు ఉండదు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు మీ వడ్రంగిని ఒక్క గోడకైనా తుమ్మ పలక వేయమని అడగండి.