కక్ష్యలో మిగిలిన శకలములు

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యావారు స్పుత్నికును అంతరిక్షమునకు పంపిరి. ఆ దినములలో లోకమంతయు సంధ్యవేళ తల యెత్తి చూచి, ‘అదుగో ఉపగ్రహము!’ అని సంబరపడినది. వాస్తవమునకు చాలమంది కంటికి కనబడినది ఆ చిన్నగోళము కాదు. దానిని మోసికొనిపోయి, పని ముగిసిన పిదప తానును తిరుగుచుండిన రాకెట్టు. అనగా మానవుడు కక్ష్యలో మొదట కన్నులార చూచినది తాను విడిచిన చెత్తనే. అది రెండు నెలలలోపలనే వాయుమండలమున పడి నశించినది గనుక ఎవరును చింతింపలేదు.

ఎత్తు పెరిగినకొలది ఈ సౌలభ్యము తగ్గును. 1958 మార్చి 17న అమెరికావారు పంపిన వాన్‌గార్డ్ 1 బరువు కిలోన్నర మాత్రమే. 1964లో అది మూగవోయినది. అయినను నేటికిని తిరుగుచునే యున్నది. 1961 జూన్ 29న ట్రాన్సిట్ 4ఎ అను ఉపగ్రహమును కక్ష్యకు చేర్చిన రాకెట్టు యొక్క పైదశ పేలి సుమారు 300 ముక్కలైనది. మన మెరిగినంతలో కక్ష్యలో జరిగిన మొదటి పేలుడు అదియే.

ఉపగ్రహములను కనిపెట్టుటకు తొలినాళ్ళలో బేకర్-నన్ కెమెరాలు ఉపకరించినవి. 1958లో మన నైనితాలునందు ఒకటి నెలకొన్నది. పిమ్మట రాడారులు బలపడినవి. రాడారు పంపిన తరంగము వస్తువును తాకి మరలివచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. పలుమారులు చూచి, రేపది యెచ్చట నుండునో గణింతురు. నేడు పట్టికల కెక్కినవి 30 వేలకు మించినవి. 10 సెంటీమీటరులకు లోపలివి చాలవరకు చిక్కవు. భూమికి సమీపముననున్న వాని వేగమో, సెకండునకు ఏడు కిలోమీటరులకు పైన!

ఒక ముక్క మరొకదానిని తాకి, వాని తునుకలు వేరొకదానిని తాకి, చెత్త తనంతట తానే పెరుగగలదని 1978లో డోనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్-పాలే హెచ్చరించిరి. 2009 ఫిబ్రవరి 10న అమెరికావారి ఇరిడియం 33, పని మానిన రష్యావారి కాస్మోస్ 2251 సైబీరియాపైన ఢీకొనినవి. హెచ్చరిక ఊహామాత్రము కాదని తేలినది.

ఇది పరుల దోషమని మనము చేతులు దులుపుకొనరాదు. 2001 అక్టోబరు 22న శ్రీహరికోటనుండి వెడలిన పి.ఎస్.ఎల్.వి.-సి3 తన పని చక్కగా నెరవేర్చినది. కాని దాని నాలుగవ దశ ఆ డిసెంబరులోనే పేలి 300కు పైగా ముక్కలైనది. మిగిలిన ఇంధనమే ఇట్టి పేలుళ్ళకు తరచు కారణము. అటుపిమ్మట మనవారు, పని ముగియగానే ఆ మిగులును విడిచివేయు పద్ధతి నవలంబించిరి. ఆ శ్రీహరికోటలోనే నేడు పలు వస్తువులను ఒకేమారు కనిపెట్టు రాడారు పనిచేయుచున్నది. 2030 నాటికి శకలములు మిగుల్చని ప్రయోగములే చేయుదుమని భారతదేశము 2024లో ప్రకటించినది.

మన పైరులను, సముద్రమును పరికించు ఉపగ్రహములు ఈ దారులలోనే తిరుగుచున్నవి. లెక్కించినంతమాత్రమున శకలము తరుగదు. తప్పుకొను త్రోవ మాత్రము తెలియును. మిగుల్చకుండుటయే మేలైన రక్షణము. ఆ పాఠమును మనము మన ముక్కల నుండియే నేర్చుకొంటిమి.