ఒంగోలు సంఘము: కాపరుల రాకపోకలు

మన మహాసభ వార్షిక సంచికకు కులచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. కులచరిత్ర మనగానే జాంబవంతునితో నారంభించుట మన పెద్దల వాడుక. సంస్కృతము చదువుకొన్నవాడను గనుక ఆ పురాణగాథను విడుచుటకు నాకును మనసొప్పదు. కాని దానిని నాకంటె చక్కగా జెప్పువారు మనలో ననేకులు గలరు. నేను చెప్పబూనినది మిక్కిలి దగ్గరికాలపు సంగతి. ఒంగోలు సీమలో మన వారిలో క్రైస్తవులైనవారు తమ కాపరులను ఎట్లు సాగనంపిరి, క్రొత్తవారిని ఎట్లు ఎదుర్కొనిరి, ఆ రాకపోకల నడుమ సంఘము నెవరు నిలిపిరి అనునదియే యీ వ్యాసమునకు విషయము.

నా బాల్యమున మా పల్లెలో నొక కాపరికి బదిలీ యయ్యెను. ఆయనను మేమందరము అయ్యగారనియు, ఆయన భార్యను అమ్మగారనియు పిలిచెడివారము. వీడ్కోలు కూడిక నాటిరాత్రి పెట్రోమాక్సు దీపము వెలిగించిరి. బంతిపూల దండ వేసిరి. పెద్దలొకరొకరుగా లేచి మాటలాడబోయి, మాటరాక కూర్చుండిరి. తెల్లవారి రెండెడ్లబండిమీద ఆయన పెట్టెలు, మంచము, పుస్తకముల మూట కట్టిరి. ఇంటింటినుండియు పిడికెడు బియ్యము చొప్పున తెచ్చి యొక గోనెలో పోసిరి. మా అవ్వ యొక కోడిపెట్టను కాళ్లు కట్టి బండిలో నుంచెను. ఆ బండి చెరువుకట్ట దాటువరకు స్త్రీలు వెంట నడచిరి. సరిగా పదిదినములకు అదే బండిమీద మరియొక అయ్యగారు వచ్చిరి. అదే గోనెలో మరల బియ్యము పోసిరి. ఇంత దుఃఖపడినవారు పదిదినములలో నింత సంతోషించుట యెట్లని నాకప్పుడు ఆశ్చర్యముగా నుండెను. మా తాత నవ్వి, "అయ్యగార్లు వత్తురు పోదురు, కూడిక ఆగదు గదరా" యనెను. ఆ మాట నాకు చాలకాలమునకు గాని బోధపడలేదు.

మఠములయందు గురువు తాను జీవించియుండగనే శిష్యునకు పట్టము గట్టుట గలదు. పీఠ మొకనాడును శూన్యముగా నుండరాదని దాని తాత్పర్యము. బాప్తిస్టుల పద్ధతి వేరు. వారిలో పీఠమును లేదు, పైనుండి కాపరిని నియమించు బిషప్పును లేడు. కాపరిని సంఘమే పిలుచుకొనవలెను, సంఘమే పంపివేయవలెను. శాస్త్రమిది. కాని తెలుగునాట మొదటి కాలమున నడచిన దిట్లు గాదు. దొరలు బోస్టను నగరమునందలి మిషను సంఘమువారిచే నియమింపబడి, వారిచ్చు జీతముతో వచ్చిరి. వచ్చునప్పుడును పోవునప్పుడును మన పల్లెలవారిని అడిగినవారు లేరు. ఈ రెంటికి నడుమనున్న విరోధము నెరుగక యీ చరిత్ర చదువుట వ్యర్థము. (దొర యనుమాట నాకంత ప్రియమైనది కాదు. ఆనాటివారట్లే పిలిచిరి గనుక నేనును వాడుచున్నాను.)

అమెరికా బాప్తిస్టులలో మొదట తెలుగువారియొద్దకు వచ్చినవాడు సామ్యుయేలు డే. ఆయన 1840లో నెల్లూరు చేరెను. శరీరారోగ్యము చెడుటచే 1853లో స్వదేశమునకు మరలిపోయెను. పదుమూడేండ్ల శ్రమకు ఫలము కొద్దియే యగుటచే, ఆ సంవత్సరముననే నెల్లూరు మిషనును మూసివేయుదమా యని అమెరికాలో చర్చ జరిగెను. అప్పుడే సామ్యుయేలు స్మిత్ అను కవి యీ మిషనును ఒంటరి నక్షత్రముగా వర్ణించి యొక పద్యము వ్రాసెను. మిషను మూతపడలేదు. డే పోగా మిగిలినవాడు లైమన్ జువెట్.

ఇక నీ జువెట్ 1854 జనవరి 1వ తేదీ ఉదయమున ఒంగోలు కొండ యెక్కి ప్రార్థించిన సంగతి మనలో ననేకు లెరుగుదురు. ఆ కొండనే నేడు ప్రార్థనకొండ యందురు. కాని ఆనాడు కొండపై నున్నవారు అయిదుగురు. జువెట్, ఆయన భార్య, నర్సు అను తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అను నిద్దరు స్త్రీలు. అయిదుగురిలో ముగ్గురు మన దేశస్థులు. చిత్రపటములలో దొరగారొక్కరే మోకరించినట్లు వ్రాసినవారికి ఈ లెక్క తెలియకపోవుట విచారకరము.

జువెట్ తరువాత వచ్చినవాడు జాన్ క్లౌ. ఆయన 1865లో భారతదేశమునకును, 1866లో ఒంగోలునకును వచ్చెను. యౌవనమున భూములు కొలుచు సర్వేపని నేర్చినవాడు. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘ మెనమండుగురు సభ్యులతో నేర్పడెను. ఆ నెలలోనే తాళ్లకొండపాడు చుట్టుప్రక్కల పల్లెలవారు 28 మంది బాప్తిస్మము పొందిరి. వారిని సిద్ధపరచినవాడు క్లౌ కాదు, మన యెర్రగుంట్ల పేరయ్య.

పేరయ్యను గూర్చి కొంత నిలిచి చెప్పవలయును. ఆయన తోళ్ల వ్యాపారము చేయుచు ఉత్తరమున గోదావరి జిల్లాలవరకు తిరిగినవాడు. ఆ తిరుగుటలోనే క్రొత్త బోధ ఆయన చెవిని బడెను. అంతకు పూర్వము రాజయోగము నభ్యసించెను. వీరమ్మ యను నొక స్త్రీ యాయనకు గురువు. లందలలో తంగేడుచెక్క నానవైచి తోలు పదునుచేయువారికి, కపిలబానలు కుట్టువారికి తత్త్వమేమి తెలియునని పరులు తలచిన కాలమున, మన పల్లెలలో గురుశిష్యసంప్రదాయ మిట్లు వర్ధిల్లుచుండెను. కాబట్టి ఒంగోలు సంఘమునకు గురువు క్రొత్తవస్తువు గాడు. గురువు వచ్చినప్పుడు కాళ్లకు నీళ్లిచ్చుట, పోవునప్పుడు పొలిమేరదాక సాగనంపుట, ఆయన లేనప్పుడు పెద్దశిష్యుని మాట వినుట, ఇవి మనవారికి బాప్తిస్మమునకు ముందే తెలిసిన మర్యాదలు.

ఆ తొలిదినములలోనే సంఘమున కొక పరీక్ష వచ్చెను. అగ్రవర్ణములవారు కొందరు క్లౌను సమీపించి, మాదిగలను చేర్చుకొనుట మానినచో తాము వత్తుమని సూచించిరి. ఆయనయు, ఆయన భార్య హేరియెట్టును వేర్వేరు గదులలో కూర్చుండి బైబిలు తెరువగా, ఇరువురికిని కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని యొకే భాగము, లోకములో నెన్నికలేనివారిని దేవుడేర్పరచుకొనెనను భాగము, కనబడెనని వారు చెప్పిరి. మాదిగలే యుండిరి. వారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు సులభముగా నున్నవి. కాని గ్రామదేవత జాతరలో డప్పు కొట్టనన్నవానికి బావినీరు, పనిపాటలు, కల్లమున రావలసిన మేర యన్నియు నిలిచిపోయెను. ఆ కష్టకాలమున ప్రక్కనుండి ధైర్యము చెప్పినవారు పల్లెలలో నివసించు బోధకులు. దొరగారు ఒంగోలులో నుండిరి. ఆయన గుడారము ఒక్కొక్క పల్లెకు ఏటికొకసారి వచ్చుటయు నెక్కువే.

అట్టి స్థితిలో 1872లో క్లౌ సెలవుపై అమెరికాకు బయలుదేరెను. సంఘము పుట్టి ఆరేండ్లు కాలేదు. ఆయన స్థానమున ఒంగోలు భారము వహించినవాడు కెనడా దేశస్థుడగు జాన్ మెక్లారిన్. రెండేండ్లకు ముందే యీ దేశమునకు వచ్చి భాష నేర్చినవాడు. ఆయన భార్య మేరీయు, రామపట్టణమునందు బోధకుల పాఠశాలను 1872లో నారంభించిన టింపనీ భార్య జేనును అక్కచెల్లెండ్రు. క్లౌ అమెరికాలో విశ్రమించెనా యనిన లేదు. ఆ పాఠశాలకే మూలధనముగా 50,000 డాలర్లు ప్రోగుచేయుచుండెను.

ఆ రెండేండ్లు ఒంగోలు సంఘమునకు నిజమైన పరీక్షాకాలము. తండ్రివంటివాడు పోయెను, వచ్చినవాడు క్రొత్తవాడు. ఒక వ్యక్తిని నమ్మి చేరిన సంఘమైనచో అప్పుడే చెదరిపోవలసినది. చెదరలేదు సరిగదా, పెరిగెను. మెక్లారిన్ సమర్థుడే, ఆయన కీర్తిని తగ్గించుట నా యుద్దేశము కాదు. కాని మూడు నెలలకొకసారి బోధకులందరు ఒంగోలులో కూడి, తమ పల్లెల సంగతులు చెప్పుకొని, మరల నెవరి దిక్కునకు వారు మరలిపోవు ఏర్పాటు అప్పటికే స్థిరపడియుండెను. దొర మారెను, ఆ కూడిక మారలేదు. మా తాత చెప్పిన మాట కర్థమిదియే.

1874లో క్లౌ మరలివచ్చెను. ఇప్పుడు వీడ్కోలు మెక్లారిన్‌కు. ఈ రెండవ వీడ్కోలే నాకు మొదటిదానికంటె గొప్పదిగా దోచును. ఏలయన, పోవువాడు స్వదేశమునకు గాక మరియొక తెలుగు సంఘమునకు పోవుచుండెను. కాకినాడలో తామసు గేబ్రియేలు అను తెలుగువాడు టెలిగ్రాఫు శాఖలో నుద్యోగము వదలుకొని, తన ధనమును ప్రాణమును ధారపోసి యొక సంఘమును నిలిపెను. శక్తి చాలక కెనడా బాప్తిస్టులను సహాయ మర్థించెను. వారు మెక్లారిన్‌ను పంపిరి. ఆయన 1874 మార్చి 12వ తేదీన కాకినాడ చేరెను. అక్కడ ఎదురేగి స్వాగతమిచ్చిన సంఘము తెలుగువాడు స్థాపించినది, పిలిచినదియు తెలుగువాడే. సంఘమే కాపరిని పిలుచుకొనవలెనను బాప్తిస్టు శాస్త్రము మన దేశమున నించుక నిజమైన దిక్కడనే. గేబ్రియేలు 1875 జనవరి 1వ తేదీననే మరణించెను. కాకినాడలో మెక్లారిన్ పేర ఉన్నతపాఠశాల యొకటి యున్నది. గేబ్రియేలు పేరడిగిన ఆ వీథిలో నెందరు చెప్పగలరో పాఠకులే యోచింతురు గాక.

ధాత కరవు సంగతి మన పెద్దలు కథలుగా చెప్పినదే. 1876 మొదలు 1878 వరకు జనులు ఆకులలములు తిని చచ్చిరి. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు పుచ్చుకొని కూలివారికి పని చూపెను. ఆయన పాత సర్వే విద్య అప్పుడక్కరకు వచ్చెను. పనిమీద నిలిచి మేస్త్రీలుగా నుండినవారు మన బోధకులు. కూటికొరకు మతము పుచ్చుకొనిరను నింద రాకుండుటకై క్లౌ పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన సభలలో తరచుగా చెప్పుదురు. చెప్పనిది మరియొకటి గలదు. ఆనాడు క్లౌ ఒక్కరికిని తన చేతులతో బాప్తిస్మ మీయలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుచు, ఉదయమునుండి సాయంకాలమువరకు నీటిలో నిలిచి యా కార్యము నెరవేర్చిరి.

తరువాత ఒంగోలు సంఘ సభ్యులు ఇరువదివేలకు మించగా, 1883 ప్రాంతమున కంభము, వినుకొండ, నరసారావుపేట, బాపట్ల వేరు కేంద్రములయ్యెను. అదియు నొకవిధమైన వీడ్కోలే; ఈసారి కాపరి గాక మందయే విడిపోయెను. క్లౌ 1910లో అమెరికాలోని రోచెస్టరునందు మరణించెను. ఒంగోలులో ఆయన తరువాత బేకరు ఆ భారము వహించెను. 1962లో తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశము ఏర్పడి, పరిపాలనము మనవారి చేతులలోనికి వచ్చెను. అటుపిమ్మటి కలహములను, ఆస్తి వ్యాజ్యములను గూర్చి వ్రాయుట కిది స్థలము కాదు. వ్రాయుటకు నాకు మనసును లేదు.

మా తాత యట్టి పల్లెబోధకుడే. నలువదేండ్లు ఒకే గుడిసెలో నుండి నాలుగు పల్లెలు నడచి చెప్పెను. ఆ కాలములో ఆయన పైన దొరలు, పిదప అయ్యగార్లు ఎందరో మారిరి. ప్రతివారి వీడ్కోలునకును ఆయనయే దండ తెచ్చెను, ప్రతివారి రాకకును ఆయనయే పొలిమేరకు ఎదురేగెను. ఆయనకు మాత్రము వీడ్కోలు జరుగలేదు. ఆయన ఎక్కడికిని పోలేదు గదా. ఆ పల్లె మందిరమునకు శంకుస్థాపన ఫలకములు మూడున్నవి. మూటిలోను ఆయన పేరు లేదు.

అట్టివారి పేర్లను నేను కొన్ని సంవత్సరములుగా నొక నోటుపుస్తకములో వ్రాసికొనుచున్నాను. పేరు, ఇంటిపేరు, పల్లె, ఏ యేటినుండి ఏ యేటివరకు బోధించెను, సమాధి యెక్కడ, ఇంతమాత్రమే. కొందరికి సంవత్సరము తెలియదు, కొందరికి ఇంటిపేరు తెలియదు. మహాసభకు వచ్చు సోదరసోదరీమణులు తమ పల్లెలలోని వృద్ధులనడిగి, తెలిసినంతవరకు ఒక కాగితముపై వ్రాసి తెచ్చినచో, సభామంటపమునకు కుడివైపున నేను ఆ పుస్తకముతో కూర్చుండియుందును.