పంపు తుపాకీ, రెండు తూటాలు: రెమింగ్టన్ మోడల్ 760లో క్యాలిబర్ ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

వేట తుపాకీకి క్యాలిబర్‌ను ఎంచుకోవడం పైకి కేవలం సాంకేతిక విషయంగా కనిపిస్తుంది. 1952లో అమెరికాలో వెలువడిన రెమింగ్టన్ మోడల్ 760 పంపు తుపాకీ .35 రెమింగ్టన్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ అనే రెండు తూటాలను వేటగాని ముందు పక్కపక్కన నిలిపింది. తూర్పు రాష్ట్రాల దట్టమైన అడవుల్లో జింకల వేటకు మొదటిది చాలు. అయినా నిలదొక్కుకున్నది రెండోది. ఈ ఫలితానికి తుపాకీ నిర్మాణం, యుద్ధానుభవం, చట్టం, వేటగాని ఊహ ఏ మేరకు కారణమయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: క్యాలిబర్, పంపు తుపాకీ, రెమింగ్టన్ 760, .35 రెమింగ్టన్, .30-06, పెన్సిల్వేనియా, వేట చట్టాలు

1. ఉపోద్ఘాతం

తుపాకీ బ్యారెల్ లోపలి వ్యాసాన్ని, దానికి సరిపోయే తూటా కొలతను క్యాలిబర్ అంటారు. తెలుగు పాఠకులకు పోలీసు తుపాకీగా పరిచయమైన 'త్రీ నాట్ త్రీ' అనే పేరు అటువంటి కొలతే. అంగుళంలో వెయ్యింట 303 వంతులని దాని అర్థం. అయితే ఈ అంకె ఒక్కటే తూటా స్వభావాన్ని తెలుపదు. గుండు బరువు, షెల్ పొడవు, అందులో పట్టే మందు, ఆ మందు పుట్టించే ఒత్తిడి కలిసి దాని శక్తిని నిర్ణయిస్తాయి.

పంపు తుపాకీలో బ్యారెల్ కింద ఉన్న చెక్కపిడిని ఎడమచేత్తో వెనక్కి లాగితే కాలిన షెల్ బయటపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి చేరుతుంది. కుడిచేయి ట్రిగ్గర్‌ను, చూపు గురిని వీడనక్కరలేదు. చెట్ల మధ్య క్షణకాలం కనిపించి మాయమయ్యే జింకను వేటాడేవారికి ఈ సౌలభ్యం నచ్చింది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఈ తుపాకీకి ఆదరణ పెరగడానికి ఇది ఒక కారణం.

2. ఒకే ఏడాది పుట్టిన రెండు తూటాలు

ఈ రెండు తూటాలూ 1906కు చెందినవే కావడం విశేషం. .30-06 అనే పేరులో చివరి రెండంకెలు ఆ సంవత్సరాన్నే సూచిస్తాయి. అంతకు మూడేళ్ల ముందు అమెరికా సైన్యం 220 గ్రెయిన్ల (సుమారు 14 గ్రాముల) మొద్దుముక్కు గుండు గల తూటాను స్వీకరించింది. జర్మనీ 1905లో తేలికైన మొనదేలిన గుండును ప్రవేశపెట్టగానే అది పాతబడిపోయింది. ఫలితంగా 150 గ్రెయిన్ల మొనదేలిన గుండును సెకనుకు 2,700 అడుగుల వేగంతో పంపే కొత్త తూటాను రూపొందించారు. దూరాన ఉన్న శత్రు సైనికుడే దాని లక్ష్యం.

.35 రెమింగ్టన్ పుట్టుక వేరు. అది జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన మోడల్ 8 అనే సెమీ ఆటోమేటిక్ వేట తుపాకీకై తయారైన తూటాల కుటుంబానికి చెందినది. 200 గ్రెయిన్ల (సుమారు 13 గ్రాముల) బరువైన మొద్దుముక్కు గుండు సెకనుకు సుమారు 2,080 అడుగుల వేగంతో వెలువడుతుంది. అడవిలో దగ్గరి నుంచి కొట్టే వేటకు తగిన తూటా అది.

3. నిర్మాణం విధించిన హద్దులు

పంపు తుపాకీ మొదటి దశలో వేటగానికి ఈ రెండింటి మధ్య ఎంచుకునే అవకాశమే లేదు. జాన్ పెడర్సన్ రూపొందించిన రెమింగ్టన్ మోడల్ 14 తుపాకీ 1912 ప్రాంతంలో వెలువడింది. అది .25, .30, .32, .35 రెమింగ్టన్ తూటాలకు తయారైంది. ఇక్కడి .30 రెమింగ్టన్ సైన్యపు .30-06 కాదు, దానికన్నా చిన్నది. బ్యారెల్ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి ఉంటే, వెనుక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌ను తాకి పేలే ప్రమాదముంది. పెడర్సన్ ఆ గొట్టాన్ని మెలితిప్పిన ఆకారంలో చేసి, తూటాలు కాస్త ఏటవాలుగా నిలిచేలా చూశాడు. తుపాకీ ఏ క్యాలిబర్‌దో తెలిసేలా దాని పక్కన ఆ తూటా అడుగుబిళ్లనే పొదిగేవారు.

అయినా రెండు అడ్డంకులు మిగిలాయి. మొదటిది పొడవు. .35 తూటా మొత్తం పొడవు సుమారు 64 మిల్లీమీటర్లు కాగా .30-06 పొడవు సుమారు 85 మిల్లీమీటర్లు. రెండోది ఒత్తిడి. అమెరికా తూటాల పరిశ్రమ ప్రమాణాల ప్రకారం .35 రెమింగ్టన్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 33,500 పౌండ్లు, .30-06కు 60,000 పౌండ్లు. మధ్యస్థాయి తూటాలకై కట్టిన తుపాకీ ఇంత భారాన్ని మోయలేదు. 1930ల మధ్యలో మోడల్ 14 స్థానంలో వచ్చిన మోడల్ 141 కూడా పాత తూటాలకే పరిమితమైంది.

1952 నాటి మోడల్ 760 ఈ స్థితిని మార్చింది. గొట్టం స్థానంలో ఊడదీయగల పెట్టె మ్యాగజైన్ వచ్చింది. బోల్టు తల తిరుగుతూ అనేక పళ్లతో బ్యారెల్ వెనుక భాగంలో గట్టిగా బిగుసుకునే ఏర్పాటు వచ్చింది. దీనితో పంపు తుపాకీ సైనిక స్థాయి ఒత్తిడిని తట్టుకోగలిగింది. తొలి జాబితాలో .30-06, .300 సావేజ్, .35 రెమింగ్టన్ మూడూ ఉన్నాయి.

ఇక్కడ ఒక సూక్ష్మాంశం గమనించదగినది. మోడల్ 760 చట్రాన్ని పొడవైన .30-06 కొలతకు అనుగుణంగా నిర్మించారు; పొట్టి తూటాలకూ అదే చట్రాన్ని వాడారు. చిన్న తూటాకు చిన్న, తేలికైన తుపాకీ సరిపోతుందన్నది .35కున్న సహజమైన అనుకూలత. ఆ అనుకూలత ఇక్కడ లేకుండా పోయింది. జాబితాలో రెండు తూటాలకూ సమాన స్థానం దక్కినా, తుపాకీ మాత్రం ఒకదాని కొలతకే తయారైంది.

4. అడవి దూరాలు, తూటాల శక్తి

తూర్పు అడవుల్లో తెల్లతోక జింక సాధారణంగా 100 గజాల లోపే వేటగాని కంటబడుతుంది. ఆ దూరంలో .35 గుండు జింకను వెంటనే పడగొట్టగలదు. ఆపైన అది త్వరగా బలహీనపడుతుంది. 200 గజాలు చేరేసరికి ఆరంభ శక్తిలో సగం కూడా మిగలదు. 180 గ్రెయిన్ల గుండుతో .30-06 అదే దూరంలో తన శక్తిలో అధికభాగాన్ని నిలుపుకుంటుంది. ఎల్క్, మూస్ వంటి పెద్ద జంతువులకూ అది చాలుతుంది. 110 నుంచి 220 గ్రెయిన్ల వరకు వివిధ బరువుల గుండ్లు దానికి లభించాయి.

.35ను సమర్థించినవారు తరచుగా చెప్పిన మాట ఒకటుంది. బరువైన, నెమ్మదైన, మొద్దుముక్కు గుండు కొమ్మలను చీల్చుకుని తిన్నగా పోతుందనీ, వేగమైన సన్నని గుండు పుల్ల తగిలినా దారి తప్పుతుందనీ వారి నమ్మకం. కొమ్మల గుండా కాల్చి చూసిన పరీక్షలు దీన్ని బలపరచలేదు. కొమ్మ తగిలితే ఏ గుండైనా కొంత పక్కకు తొలగుతుంది. అందుచేత .35 యోగ్యతను మరోచోట వెదకాలి. తుపాకీ బరువు సమానమైతే .30-06 భుజాన్ని .35కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బలంగా తన్నుతుంది. ఆ తన్నుకు జంకి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ నొక్కేవాని గుండు గుండెకు బదులు పొట్టలోనో కాలిలోనో దిగుతుంది. అలా గాయపడిన జంతువు అడవిలో తప్పించుకుపోయి నరకయాతన అనుభవించి చస్తుంది. అదనపు శక్తి గురి లోపాన్ని పూరించదు. క్యాలిబర్ చర్చలో నైతికమైన అంశం ఇదే.

5. యుద్ధం, చట్టం, దుకాణం

అవసరాన్ని బట్టి చూస్తే అడవి వేటగానికి .35 చాలు. అయినా .30-06 ఎందుకు గెలిచింది? రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు కోటి అరవై లక్షల మంది అమెరికన్లు సైన్యంలో పనిచేశారు. వారిలో అనేకులు కాల్చడం నేర్చుకున్నది .30-06తోనే. దాని తన్ను, గురి వారికి పరిచితం. సైన్యపు మిగులు తూటాలు చవకగా దొరికాయి. పల్లెటూరి దుకాణంలోనూ ఆ తూటా ఉండేది. తూర్పున జింకను వేటాడే వ్యక్తి ఏనాటికైనా పడమటి కొండల్లో ఎల్క్ వేటకు వెళ్తానని కలగంటాడు. .30-06 ఆ కలకు కూడా పనికొస్తుంది. ఎంపిక ఇక్కడ చేసే వేటకు కాక, చేయాలనుకునే వేటకు జరిగింది.

చట్టం మరో కారణం. పెన్సిల్వేనియాలో జింకల వంటి పెద్ద జంతువుల వేటకు సెమీ ఆటోమేటిక్ తుపాకీ నిషిద్ధం. వేగంగా రెండో గుండు కాల్చదలచినవారికి పంపు తుపాకీయే మిగిలింది. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 పంపు షాట్‌గన్‌కు అలవాటుపడిన చేతులకు మోడల్ 760 కొత్తగా తోచలేదు. చట్టం తుపాకీ రకాన్ని నియంత్రించింది గాని, సైనిక తూటాను పౌరునికి నిరాకరించలేదు.

భారతదేశంలో దీనికి విరుద్ధమైన చరిత్ర కనిపిస్తుంది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ .450 క్యాలిబర్‌ను నిషేధించింది. తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత మార్టినీ-హెన్రీ తుపాకులకు ఆ గుండ్లు పనికొస్తాయన్న భయమే దానికి కారణం. ఆ నిషేధం వల్లనే .470 వంటి కొత్త తూటాలు పుట్టాయి. సైన్యపు .303 పౌరులకు నిషిద్ధ బోరు కావడంతో, ఇషాపూర్ ఆయుధ కర్మాగారం లైసెన్సుదారులకై .315 స్పోర్టింగ్ రైఫిల్‌ను తయారుచేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత దేశంలో వేటే నేరమైంది. అమెరికాలో సైనిక తూటా వేటగాని సొంతమైతే, భారతదేశంలో సైనిక తూటా కానిదే పౌరుని సొంతమైంది. రెండుచోట్లా క్యాలిబర్‌ను నిర్ణయించినది వేట ఒక్కటే కాదు.

6. ముగింపు

మోడల్ 760 తయారీ 1980ల ఆరంభం వరకు సాగింది. పది లక్షలకు పైగా తుపాకులు వెలువడ్డాయి. వాటిలో .30-06దే అగ్రస్థానం. .35 రెమింగ్టన్ 1960ల్లోనే ఈ తుపాకీ సాధారణ జాబితా నుంచి తప్పుకుంది. పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. క్యాలిబర్ ఎంపికకు హద్దులు గీసేది మొదట తుపాకీ నిర్మాణం. 1952కు ముందు రెమింగ్టన్ పంపు తుపాకీలో .30-06కు చోటే లేదు, ఆ తరువాత.35కు దాని సహజ అనుకూలత మిగలలేదు.

2. .35 ఓటమికి సామర్థ్య లోపం ప్రధాన కారణం కాదు. తన అడవిలో అది చివరివరకూ సమర్థమైన తూటాయే. యుద్ధకాలపు అలవాటు, చవక, లభ్యత, దూరపు వేటల ఊహ .30-06ను ముందుకు తెచ్చాయి.

3. శక్తి, దూరం అనే రెండు కొలమానాలు చర్చను ఆక్రమించినచోట, కాల్చేవాని నిలకడ అనే మూడో కొలమానం మరుగున పడింది. ఆ మరుపుకు మూల్యం చెల్లించేది వేటగాడు కాదు, గాయంతో పారిపోయిన జంతువు. వేట ఆయుధాల చరిత్రను తూటాల పట్టికలతో మాత్రమే రాయడం సరిపోదనడానికి ఇదే ప్రధానమైన ఆధారం.