రేడియోలో మాట్లాడిన ఎలుగుబంటి

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. ఆఫీసు సంగతులు ఎలాగూ మిగతా మిత్రులు రాస్తారు గదా అని నేను రేడియో సంగతి ఎంచుకున్నాను. అదీ మన రేడియో కాదు, అమెరికా రేడియో.

ఆ మధ్య ఒక చలికాలం మా అబ్బాయి దగ్గర ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్నాను. పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేది. చిన్నప్పుడు, మధ్య అమెరికాలోని ఒక పల్లెలో, క్రిస్మస్ ముందు రోజుల్లో ఒక కథ విన్నదట. అందులో జానెడైనా లేని ఎలుగుబంటి ఒకటి, ఎప్పుడూ అలసిపోయానని మూలిగే కొంగ ఒకటి ఉన్నాయని మాత్రమే గుర్తు. పేరు గుర్తు లేదు. ఎవరినడిగినా తెలియదన్నారు. జ్వరంలో వచ్చిన కలేమో అనుకుని ఊరుకుంది. పెళ్ళయి పోర్ట్‌లాండ్ వచ్చాక, లిప్‌మన్ వుల్ఫ్ అనే పెద్ద దుకాణంలో శాంటా తాతతో పాటు ఎలుగుబంటి వేషగాడొకడు పిల్లలకు బిస్కట్లు పంచుతూ కనిపించాడట. ఆవిడ అక్కడే నిలబడిపోయింది. కల కాదు, నిజంగానే ఉన్నది!

ఆ కథ పేరు 'ది సిన్నమన్ బేర్'. అంటే దాల్చినచెక్క ఎలుగుబంటి. రాసినవాడు గ్లాన్ హైష్. 1937లో మొదటిసారి ప్రసారమైంది. మొత్తం 26 భాగాలు, ఒక్కొక్కటి పావుగంట. నవంబరు చివర మొదలుపెడితే క్రిస్మస్‌కు ముగిసేది. జూడీ, జిమ్మీ అనే కవలలు క్రిస్మస్ చెట్టు కొసన పెట్టే వెండి నక్షత్రం కోసం అటక మీద వెతుకుతారు. అది ఉండదు. అక్కడ వాళ్ళకు ప్యాడీ అనే ఎలుగుబంటి బొమ్మ కనిపించి, మాట్లాడి, దొంగ ఎవరో చెబుతుంది. ఆ దొంగ ఒక డ్రాగన్. ఒళ్ళంతా రంగురంగుల గుడ్డపేలికలతో కుట్టినది. మన బొంత లాంటిదన్నమాట. పిల్లలు ప్యాడీ అంత చిన్నవాళ్ళయి, అటకలోని కన్నం గుండా మేబీలాండ్ అనే లోకానికి పోతారు. డ్రాగన్ దొరికిపోయి పశ్చాత్తాపపడి వాళ్ళతోనే ప్రయాణం కడుతుంది. అయినా దాని బుద్ధి మధ్యమధ్య వంకర తిరుగుతూనే ఉంటుంది. ఇది నాకు భలే నచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి వాళ్ళను మనం చూడలేదా?

మాట్లాడే జంతువులకూ క్రిస్మస్‌కూ సంబంధం రేడియో పుట్టించింది కాదు. క్రిస్మస్ ముందు రాత్రి సరిగ్గా పన్నెండింటికి గొడ్లకు మాట వస్తుందని యూరపు పల్లెల్లో పాత నమ్మకం. ఆ మాటలు చాటుగా విన్నవాడికి కీడు జరుగుతుందనీ అంటారు. ఏసు పుట్టిన పశువుల పాకలో ఎద్దూ గాడిదా ఉన్నాయని సువార్తల్లో ఎక్కడా లేదు, అయినా బొమ్మల్లో అవి తప్పక ఉంటాయి. 1223లో గ్రెచ్చో అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ మహనీయుడు నిజమైన ఎద్దునూ గాడిదనూ తెచ్చి నిలబెట్టి ఆ దృశ్యం చూపించాడు. రేడియోవాళ్ళకు ఆ అవసరం కూడా లేదు. నటుడి గొంతు ఒక్కటి చాలు, మిగతాది వినే పిల్లవాడు చూసుకుంటాడు.

ఇంతకూ ఈ నాటకం ఎలా దక్కింది? ఆ రోజుల్లో అమెరికా పెద్ద రేడియో సంస్థల నాటకాలు చాలావరకు అప్పటికప్పుడు మైకు ముందు ఆడినవే. గాలిలోకి పోయిన మాట పోయినట్టే. 'సిన్నమన్ బేర్' మాత్రం ఊరూరి స్టేషన్లకు అమ్మడానికని ముందే రికార్డు చేసిన సరుకు. పదహారంగుళాల పళ్ళాల మీద, నిమిషానికి ముప్పైమూడూ మూడోవంతు చుట్లు తిరిగేట్టు రికార్డు చేసేవారు. ఒక్కో వైపు పావుగంట పట్టేది. స్టేషన్లు వాటిని ఏటేటా మళ్ళీ వేసుకునేవి. వ్యాపారం కోసం చేసిన పని చరిత్రకు అక్కరకొచ్చింది. అయితే ఆ పళ్ళాల్లో నటుల పేర్లు చదవలేదు. ఎవరి గొంతు ఏదో పాత రేడియో అభిమానులు చెవులతో పోల్చుకుని కొన్ని తేల్చారు. బొంత డ్రాగన్ జోసెఫ్ కెర్న్స్ అట. అలసిన కొంగ గేల్ గోర్డన్ అట.

మన ఆఫీసుల్లో ఆర్.డిస్. వేసిన ఫైలు శాశ్వతంగా ఉండేది, ఎల్.డిస్. వేసినది గడువు తీరితే పోయేది. ఏది ఏదో నిర్ణయించే కలం మనబోటి గుమాస్తాలదే. రేడియో నాటకాలకు అంతటా ఎల్.డిస్. వేశారని ఆవిడ మాటలు విన్నప్పుడు నాకు అనిపించింది.

ఎందుకంటే నాకూ ఒకటుంది. పిల్లలమంతా ఆదివారాలు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారి కోసం, అక్కయ్య కామేశ్వరిగారి కోసం చెవులు కోసుకునే రోజులు. మా ఊరి పంచాయతీ రేడియో ముందు, ఒక క్రిస్మస్ నాటి సాయంత్రం, పశువుల పాకలో గొడ్లు మాట్లాడుకునే చిన్న నాటిక విన్నాను. పసిబిడ్డకు చలి వేస్తుందని ఎద్దు తన ఊపిరితో వెచ్చబరచడం గుర్తు. ఏ సంవత్సరమో, ఎవరు రాశారో గుర్తు లేదు. నాతో కూర్చుని విన్నది మా పెద్దక్కయ్య ఒక్కతే. ఆమె లెక్కన మాట్లాడింది ఎద్దు కాదు, గాడిద. దీని మీద మాకు నలభై ఏళ్ళుగా వాదన నడుస్తోంది. తేల్చడానికి పళ్ళెమూ లేదు, టేపూ లేదు.

పోర్ట్‌లాండ్ నుంచి వచ్చాక మొన్న అక్కయ్యను చూడబోయాను. ఎనభై మూడేళ్ళు. ఈమధ్య నా పేరే ఒక్కోసారి తడుముకుంటోంది. ఎలుగుబంటి కథంతా చెప్పి, "అక్కయ్యా, మన నాటికలో మాట్లాడింది ఎద్దే కదూ?" అన్నాను.

"గాడిదరా," అంది వెంటనే. అని, దాని గొంతు కూడా చేసి చూపించింది.