జుర్రేరు ఒడ్డున తెల్ల బూడిద

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నోటుపుస్తకం కాగితంలో పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మా నాయిన తవ్వేది ఇదే టీచర్. ఇంత బూడిద కావాలంటే ఏం కాల్చింటారు?"

ఆమెది బనగానపల్లె దగ్గర జ్వాలాపురం. జుర్రేరు లోయలో నేల కింద తెల్లని పొర ఉంది. పారలతో తవ్వి సంచులకెత్తుతారు. గిన్నెలు తోమే పొడి చేసేవాళ్లు కొంటారు. మా అమ్మ పిడకల బూడిదతో తోమేది, ఆ పిల్ల అమ్మ దీనితో తోముతుంది. నాకూ రెండూ ఒకటే అనిపించాయి.

అందుకే తప్పు చెప్పాను. పాత పాలమూరు జిల్లా ఉట్నూరులో, అనంతపురం జిల్లా పాలవాయిలో బూడిద దిబ్బలున్నాయి. కొత్తరాతియుగపు పశువుల కాపర్లు పేడ కుప్పలు కాల్చగా మిగిలినవి. ఉట్నూరు దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వి చూశాడు. ఇదీ అలాంటిదే అన్నాను. పిల్ల తలూపింది కానీ నాకే నమ్మకం కుదరలేదు. పొట్లం విప్పి పొడిని వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. పేడ బూడిద అలా ఉండదు.

చదివి, తెలిసినవాళ్లను అడిగి, మరుసటి వారం తరగతిలో నా మాట దిద్దుకున్నాను. అక్కడ ఎవరూ ఏమీ కాల్చలేదు. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలింది. గడిచిన 20 లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు మరొకటి లేదు. కొండ కూలినచోట ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవున చెరువుంది. కరిగిన రాయి లోపలి ఆవిరికి నురగలా పొంగి, ఆ బుడగల గోడలు పగిలి గాజుపొడి అయింది. గాలి దాన్ని బంగాళాఖాతం దాటించి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా మోసుకొచ్చి ఇక్కడ రాల్చింది. గిన్నె మసి వదిలిస్తున్నవి ఆ గాజుపెంకుల అంచులే.

"మరి మా ఊర్లోనే ఎందుకు పడె?" అని వెనక బెంచీ నుంచి ఇంకో ప్రశ్న. మీ ఊర్లోనే పడలేదు. మధ్యప్రదేశ్‌లో సోన్ లోయలోనూ దొరికింది. ఆకాశం నుంచి రాలింది కొద్ది సెంటీమీటర్లే. చాలాచోట్ల వానలకు కొట్టుకుపోయింది. జుర్రేరు లోయలో మాత్రం చుట్టూ ఉన్న గుట్టల మీది బూడిదంతా జారి, పల్లంలోని మడుగుల్లో చేరి, కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి పేరుకుంది.

నన్ను నిలవనీయనిది తర్వాతి సంగతి. పురావస్తు శాస్త్రవేత్త మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ ప్రొఫెసర్ రవి కొరిశెట్టర్, వాళ్ల బృందం ఇక్కడ గోతులు తీసి, 2007లో 'సైన్స్' పత్రికలో తాము చూసింది రాశారు. పొర కింద మనుషులు చెక్కిన రాతి పనిముట్లున్నాయి. పొర పైనా ఉన్నాయి, ఇంచుమించు అదే పనితనంతో. తోబా దెబ్బకు మనిషి జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని అంతకుముందు కొందరు వాదించారు. ఇక్కడివాళ్లు బతికారని ఈ గోతులు చెప్పాయి. ఆ పనిముట్లు ఏ రకం మనుషులవన్న వాదన ఇంకా నడుస్తోంది. నా మనసు మాత్రం బతికినవాళ్ల దగ్గరే ఆగిపోయింది. వాగు బూడిదతో పూడుతుంటే వాళ్లు ఏ నీళ్లు తాగారో!

పిల్లల్ని తీసుకెళ్లి తవ్విన గట్టు చూపించాను. కింద మన్ను, మధ్యలో తెల్లపొర, పైన మళ్లీ మన్ను. తవ్వకం సాగేకొద్దీ ఆ తెలుపు తరిగిపోతోంది. తవ్వేవాళ్లను నేను తప్పుపట్టలేను. ఆ కూలి డబ్బుతోనే ఈ పిల్ల బడికొస్తోంది. ఒక్క గట్టునైనా నిలువునా అలాగే వదిలేయమని కనబడినవాళ్లందరినీ అడుగుతున్నాను.

పొట్లం తెచ్చిన పిల్ల తెల్లపొర మొదలయ్యే గీత మీద వేలు పెట్టి నిలబడింది. "ఈడ్నే కదా టీచర్, వాళ్లు పైకి చూసింటారు?" అంది.