కుక్కల్లో పొడికన్ను: చికిత్స చరిత్ర

పొడికన్ను కుక్కలకు వచ్చే దీర్ఘకాలిక నేత్రవ్యాధి. పశువైద్యులు దీన్ని కెరటోకంజంక్టివైటిస్ సిక్కా అంటారు. కన్నీటిలో నీటి భాగం తగ్గి కన్ను ఎర్రబారుతుంది, పసుపుపచ్చని జిగురు పుసి రెప్పలకు అంటుకుంటుంది. నిర్లక్ష్యం చేస్తే కార్నియాకు పుండు పడుతుంది, దానిమీద నల్లని పొర కమ్మి చూపు పోవచ్చు. కాకర్ స్పానియల్, బుల్‌డాగ్, ల్హాసా ఆప్సో, షీజూ, పగ్ వంటి జాతుల్లో ఇది ఎక్కువ. గత వందేళ్లలో దీని చికిత్స, కన్నీటి లోటును పైనుంచి పూడ్చడం నుంచి గ్రంథి చేతనే మళ్లీ కన్నీరు ఊరించడం దాకా వచ్చింది.

కారణాలు

చాలా కుక్కల్లో సొంత రోగనిరోధక వ్యవస్థే కన్నీటి గ్రంథులను దెబ్బతీస్తుంది. డిస్టెంపర్, కొన్ని సల్ఫా మందులు, నరాల లోపం కూడా కారణం కావచ్చు. ఒక్కోసారి వైద్యమే వ్యాధిని తెచ్చిపెట్టింది. కంటి మూలన మూడో రెప్ప గ్రంథి ఎర్రని ముద్దలా బయటికి వస్తే, దాన్ని కోసి పారేయడం ఒకప్పుడు మామూలు. ఇలా బయటికి వచ్చిన గ్రంథికే చెర్రీ ఐ అని పేరు. కన్నీటిలో దాదాపు మూడో వంతు ఆ గ్రంథి నుంచే వస్తుందని తెలిశాక, కోయడం మాని గ్రంథిని లోపలికి సర్ది కుట్టే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి.

కన్నీటిని కొలవడం

జర్మన్ నేత్రవైద్యుడు ఓటో షిర్మర్ 1903లో మనుషుల కోసం వివరించిన పరీక్షనే పశువైద్యులూ తీసుకున్నారు. కాగితపు పట్టీ కొస మడిచి కుక్క కింది రెప్పలో ఒక నిమిషం ఉంచుతారు. తడి 15 మిల్లీమీటర్లు దాటితే మామూలే. 10కి లోపైతే అనుమానించాలి, 5కి లోపైతే వ్యాధి ముదిరినట్టే.

లోటు పూడ్చిన రోజులు

మొదట్లో కృత్రిమ కన్నీరు, యాంటీబయాటిక్ చుక్కలే దిక్కు. వాటి ప్రభావం కొద్దిసేపే ఉండేది కనుక రోజుకు ఎన్నోసార్లు వేయాల్సి వచ్చేది. నరాల లోపం వల్ల కన్ను ఎండితే పైలోకార్పిన్ చుక్కలను తిండిలో కలిపి పెట్టేవారు. మోతాదు మించితే చొంగ, వాంతులు, విరేచనాలు తప్పవు.

1960లలో శస్త్రచికిత్స కూడా మొదలైంది. చెవి కింది లాలాజల గ్రంథి నాళాన్ని బుగ్గలోంచి విడదీసి, కంటి కింది సంచిలోకి మళ్లించారు. కన్ను తడిసింది కానీ, గిన్నెలో అన్నం పడగానే కుక్క ముఖమంతా లాలాజలం కారేది. లాలాజలంలోని లవణాలు కార్నియాపై తెల్లగా పేరుకునేవి.

సైక్లోస్పోరిన్

నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి మట్టిలో దొరికిన శిలీంధ్రం నుంచి స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ సంస్థ సైక్లోస్పోరిన్‌ను వేరుచేసింది. అవయవ మార్పిడి రోగులకు రోగనిరోధక వ్యవస్థ దాడిని అణచడానికి ఇచ్చే ఈ మందును 1980లలో జార్జియా విశ్వవిద్యాలయ పశునేత్రవైద్యురాలు రెనీ కాస్వాన్ కుక్కల కళ్లలో ప్రయోగించారు. నీటిలో కరగదు కనుక నూనెలో కలిపి చుక్కలుగా వేశారు. గ్రంథిపై దాడి తగ్గడమే కాక, కన్నీరు మళ్లీ ఊరడం మొదలైంది.

కుక్కల కోసం 0.2 శాతం లేపనానికి అమెరికా 1995లో అనుమతినిచ్చింది. పేరు ఆప్టిమ్యూన్. అదే మందుతో మనుషుల పొడికన్నుకు చేసిన రెస్టాసిస్‌కు 2002లో అనుమతి లభించింది.

నేటి పద్ధతి

సైక్లోస్పోరిన్‌కు లొంగని కుక్కలకు టాక్రోలిమస్ వాడుతున్నారు. దీన్ని జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి 1984లో కనుగొన్నారు. మందు ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా కృత్రిమ కన్నీరు తోడుగా వేస్తారు. గ్రంథి పూర్తిగా ఎండిపోతే మందుకు పనిచేసే చోటే ఉండదు. అందుకే వ్యాధిని తొలిదశలో పట్టుకోవడం ముఖ్యం. మందులు విఫలమైన చోట నాళం మళ్లించే శస్త్రచికిత్సను నేటికీ చేస్తున్నారు. రోగనిరోధక వ్యవస్థ దాడి వల్ల వచ్చిన పొడికన్నుకు మాత్రం మందు సాధారణంగా జీవితాంతం వేయాలి. ఆపితే చాలా కుక్కల్లో కన్ను మళ్లీ ఎండుతుంది.